తాగు నీరు వేరు, కడుగు నీరు వేరు

జర్మనీలో రసాయనశాస్త్రము చదువవచ్చిన మన తెలుగు విద్యార్థులలో ఒక మాట, ముందు వచ్చినవారి నోటినుండి వెనుక వచ్చినవారి చెవికి చేరుచు, బలపడుచున్నది. ఈ దేశమున కుళాయి నీరు మిక్కిలి నిర్మలమైనది గనుక పరీక్షనాళికలను దానితో కడిగినను, ఉప్పును దానిలోనే కరగించినను దోషము లేదనియు, స్వేదన జలముకొరకు కాచుకొనియుండుట కాలహరణమనియు ఆ మాట సారాంశము. దాని ఫలితమును నేను కన్నులార చూచుచున్నాను. పొటాషియం నైట్రేటు తప్ప మరేమియు లేని నమూనాలో క్లోరైడు కనబడుచున్నది, సల్ఫేటు కనబడుచున్నది, కాల్షియము సైతము కనబడుచున్నది. శ్రద్ధగా పనిచేసిన పిల్లవాడు మొదట తన చేతిని, పిమ్మట తన కన్నును, తుదకు తన బుద్ధినే శంకించుకొని, ఈ అవక్షేప పరీక్షలన్నియు అదృష్టముపై ఆధారపడినవని నిశ్చయించుకొని యింటికి పోవుచున్నాడు. ఇచ్చటి విద్యార్థులు నమూనాలో ఏ అయానులున్నవో వెదకు ఈ అభ్యాసమును వేడుకకు ‘అయోనెన్‌లోట్టో’, అనగా అయానుల లాటరీ, అని పిలుతురు. లాటరీ వారి చేతిలోని నీటిలో ఉన్నదేగాని పరీక్షలో లేదు.

తాగుటకు యోగ్యమైన నీరును, రసాయనికముగా శుద్ధమైన నీరును ఒకటి కావు. జర్మనీ తాగునీటి నిబంధనలు లీటరుకు 250 మిల్లీగ్రాముల వరకు క్లోరైడును, అంతియే సల్ఫేటును అనుమతించుచున్నవి. ఆ మేర మనుష్యదేహమునకు హాని లేదు గనుక ఆ నియమము సమంజసమే. అట్లే, కాఠిన్యము 14 జర్మను డిగ్రీలు మించిన నీటిని ఇచ్చటి చట్టమే కఠిన జలమని పేర్కొనును. ఒక్క డిగ్రీ యనగా లీటరుకు 10 మిల్లీగ్రాముల కాల్షియం ఆక్సైడునకు సమానమైన కాఠిన్యము. మ్యూనిక్ నగరమున కాపురమున్న ఏ తెలుగు గృహిణి నడిగినను ఈ సంగతి చెప్పగలదు: తేనీటికై నీరు కాచు కెటిల్ అడుగున తెల్లని పెచ్చు కట్టును, సబ్బు నురుగుకు బదులు విరిగిన పాలవంటి మడ్డి యిచ్చును, కందిపప్పు త్వరగా మెత్తబడదు. ఉప్పునీటి బావి నీళ్లతో పప్పు ఉడకదని మన పల్లెలలో అవ్వలందరికిని తెలిసినదే. ఆ పెచ్చు కాల్షియం కార్బనేటు, ఆ మడ్డి సబ్బునకు, కాల్షియమునకు పుట్టిన లవణము, రెండును అవక్షేపములే. వంటయింట ప్రతిదినము తానే చూచు అవక్షేపమును ప్రయోగశాలలో మరచిపోవు విద్యార్థిని చూచినపుడు నాకు ఓర్పు నిలువదు.

కంటికి తేటగా నున్న నీరు శుద్ధమైన నీరనుకొనుట ఎంత దారుణమైన పొరపాటో నల్లగొండ ప్రాంతపువారికి ఎవరును బోధింపనక్కరలేదు. అచ్చటి నీటిలోని ఫ్లోరైడు రంగు లేనిది. అట్టి తేట నీరే అచ్చట తరముల తరబడి ఎముకలను వంచివైచినది.

‘కడిగిన పిమ్మట నాళికలో మిగులునది రెండు చుక్కలే గదా’ అని కొందరు వాదింతురు. లెక్క వేసి చూతము. లీటరుకు 35 మిల్లీగ్రాముల క్లోరైడు గల నీరు 0.1 మిల్లీలీటరు నాళిక గోడల నంటియున్నదనుకొనుడు. దానిపై 2 మిల్లీలీటర్ల నమూనా ద్రావణమును పోసి, 0.1 మోలార్ సిల్వర్ నైట్రేటు ఒక్క చుక్క వేసినచో, వెండి, క్లోరైడు అయానుల గాఢతల లబ్ధము, సిల్వర్ క్లోరైడుయొక్క ద్రావణీయతా లబ్ధమైన 1.8 × 10⁻¹⁰కు దాదాపు 600 రెట్లగును. నల్లని కాగితము ముందు పట్టి చూచిన తెల్లని మసక తప్పక అగపడును. ఆ మసక నమూనాది కాదు, కుళాయిది. నత్రికామ్లము కలిపితిమి గదా యని మరికొందరందురు. ఆమ్లము కార్బనేటును వాయువుగా వెడలగొట్టునుగాని క్లోరైడును ఏమియు చేయజాలదు. బేరియం క్లోరైడుతో సల్ఫేటును, అమ్మోనియం ఆక్సలేటుతో కాల్షియమును వెదకునపుడును ఇదే కథ.

ఈ దేశముననే, 1848లో, రసాయనశాస్త్రజ్ఞుడు కార్ల్ రెమిగియుస్ ఫ్రెసేనియుస్ వీస్‌బాడెన్ పట్టణమున తన ప్రయోగశాలను నెలకొల్పెను. అంతకు పూర్వమే, 1841లో, విద్యార్థి దశలోనే గుణాత్మక విశ్లేషణపై గ్రంథమును ప్రకటించి, గీసెన్‌లో లీబిగ్ కడ సహాయకుడుగా పనిచేసినవాడాయన. ఆ పట్టణపు కోఖ్‌బ్రున్నెన్ అను ఉప్పు వేడి ఊటలో ఏయే లవణములు ఎంతెంత కలవో తూచి చెప్పినవాడును ఆయనయే. నేడు మన పిల్లలు వల్లెవేయు అయానుల వర్గవిభజన ఆయన బాటననుసరించినదే. నీటిని నమ్మక, నీటినే పరీక్షించుట ఆ బాటలోనిదే.

తక్కిన అపోహలకు ఇంత చోటక్కరలేదు. సిల్వర్ నైట్రేటు పడి చేతిపై నల్లబడిన మచ్చ రోగము కాదు, వెండి; చర్మము పై పొర రాలినపుడు పోవును. హైడ్రోజన్ సల్ఫైడు వాసన ఆగినంత మాత్రమున వాయువు పోయినట్లు కాదు; గాఢత హెచ్చినపుడు ముక్కే మొద్దుబారును, అది ప్రాణాంతకము. సీసము, వెండి కలిసిన ద్రావణములను తొట్టిలో పారబోయరాదు. వాటికి వేరుగా డబ్బాలు కలవు.

కారకము ఎక్కువ పోసినకొలది అవక్షేపము పెరుగునను నమ్మకమును మాత్రము పూర్తిగా త్రోసివేయజాలను. ఉమ్మడి అయాన్ ప్రభావమువలన కొద్దిపాటి అధిక కారకము అవక్షేపమును సంపూర్ణము చేయుననుట నిజమే. ఐనను, ఆ కొద్దిపాటిని దాటినచో అల్యూమినియం హైడ్రాక్సైడు సోడియం హైడ్రాక్సైడులో తిరిగి కరగును, సిల్వర్ క్లోరైడు గాఢ హైడ్రోక్లోరికామ్లములో కరగును. ఉన్న అయాను లేనిదై పోవును. చుక్క చుక్కగా వేయుము, ప్రతి చుక్కకును చూడుము.

నాళికను కుళాయి నీటితో కడుగుటకు నాకు అభ్యంతరము లేదు. పిమ్మట, ఇచ్చటివారు ‘ఫౌ-ఏ’ యను లవణరహిత జలముతో కొంచెము కొంచెముగా మూడు మార్లు తొలచి, బోర్లించి ఆరబెట్టవలెను. ప్రతి పరీక్షకును ప్రక్కనే మరియొక నాళికలో నమూనా లేకుండ అవే కారకములను, అదే నీటిని, అన్ని చుక్కలే వేసి, రెంటిని నల్లని కాగితము ముందు పోల్చి చూడుము. ఇచ్చటివారు దీనిని ‘బ్లిండ్‌ప్రోబె’ యందురు. నూతనముగా వచ్చిన విద్యార్థి తొలిదినమున ఏ నమూనాను ముట్టకముందే రెండు నాళికలలో సాధారణ కుళాయి నీరొకటి, ‘ఫౌ-ఏ’ కుళాయి నీరొకటి పట్టి, రెంటిలోను ఒక్కొక చుక్క సిల్వర్ నైట్రేటు వేసి, తెల్లబడిన దేదో, తేటగా నిలిచిన దేదో గుర్తువ్రాసికొని, ఆ పుటను తన ప్రయోగపుస్తకమున మొదట ఉంచుకొనవలెను.