గండం గడిచింది, మరి మాట ఎప్పుడు?

నాలుగో నెలలో పిల్లవాడికి తీవ్రమైన జ్వరం వచ్చింది. పాలు తాగడం మానేశాడు. మాడు ఉబ్బింది, ఫిట్స్ వచ్చాయి. ఆసుపత్రిలో వెన్నులోంచి నీరు తీసి పరీక్ష చేసి మెనింజైటిస్ అన్నారు. మూడు వారాలు ఇంజెక్షన్లు వేశారు. అల్లా దయవల్ల గండం గడిచి బిడ్డ ఇంటికి వచ్చాడు. ఇప్పుడు వాడికి ఏడాదిన్నర. నవ్వుతాడు, నడుస్తాడు, కానీ ఒక్క మాటా రాలేదు. “వాళ్ల అబ్బాకు కూడా మూడేళ్లకుగానీ నోరు తిరగలేదు, కంగారు పడకు” అని దాదీ ధైర్యం చెబుతుంది. తల్లికి మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టదు.

ఇలాంటి ఇల్లు మీదే కావచ్చు, మీ బంధువులది కావచ్చు. ఈ వారం ఆ తల్లి కోసమే ఈ నాలుగు మాటలు. ముందుగా ఒక్క విషయం గుర్తుంచుకోండి. ఆరోగ్యంగా పెరిగిన బిడ్డకు మాట ఆలస్యమైతే కొంతకాలం గమనించవచ్చు. పసితనంలో పెద్ద జబ్బు చేసి లేచిన బిడ్డ విషయంలో మాత్రం ‘వేచి చూద్దాం’ అనకూడదు.

జబ్బు ఏం చేస్తుంది?

మెదడును చుట్టి ఉండే పొరలకు వచ్చే వాపే మెనింజైటిస్. ఈ వాపును యూనానీ గ్రంథాలు ‘సర్సామ్’ అనే పేరుతో వర్ణించాయి. బ్యాక్టీరియా వల్ల వస్తే ఇది ప్రాణాంతకం. యాంటిబయాటిక్స్ సకాలంలో అందితేనే బిడ్డ దక్కుతుంది. బతికిన పిల్లల్లో చాలామంది మామూలుగానే పెరుగుతారు. కొందరిలో మాత్రం జబ్బు తన గుర్తు వదిలి వెళుతుంది. వినికిడి తగ్గడం, ఫిట్స్ మళ్లీ మళ్లీ రావడం, కాళ్లు చేతులు బిగుసుకుపోవడం, చూపు దెబ్బతినడం, నేర్చుకోవడంలో వెనుకబడడం వంటివి కనిపిస్తాయి. వీటిలో తరచుగా కనిపించేది వినికిడి లోపం.

మెనింజైటిస్ ఒక్కటే కాదు. పుట్టగానే పచ్చకామెర్లు బాగా ముదిరిన పిల్లలు, నెలలు నిండకుండా పుట్టి చాలా రోజులు ఐసియులో ఉన్న పిల్లలు, ఊపిరి అందక ఏడవని పిల్లలు, రక్తంలో ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లలు కూడా ఈ కోవలోకే వస్తారు. ప్రాణం నిలపడానికి వాడక తప్పని కొన్ని మందులు కూడా చెవి నరాన్ని దెబ్బతీయవచ్చు. అందుకే ఆసుపత్రి వారు ఇచ్చిన డిశ్చార్జి కాగితం పారేయకండి. ఏ జబ్బు, ఏ మందులు, ఎన్ని రోజులు అన్నది తర్వాత చూసే ప్రతి డాక్టరుకూ అవసరమవుతుంది.

మొదట చెవి, తర్వాతే నోరు

బిడ్డ మాట్లాడకపోతే మనం నాలుక వైపు చూస్తాం. చూడవలసింది చెవి వైపు. విననిదే మాట రాదు.

“తలుపు దబాలున వేస్తే ఉలిక్కిపడతాడు, వినబడకపోతే ఎలా ఉలిక్కిపడతాడు?” అని మీరు అడగవచ్చు. తలుపు శబ్దం పెద్దది. మాటల్లోని స, త, ఫ వంటి సన్నని శబ్దాలు వినబడకపోయినా పెద్ద శబ్దాలు వినబడవచ్చు. కొందరు నేల అదురును, గాలి కదలికను, మీ నీడను చూసి తల తిప్పుతారు. వినికిడి లేని పిల్లలు కూడా మొదటి నెలల్లో ‘ఊ’ కొడతారు, కేరింతలు వేస్తారు. తర్వాత ఆ శబ్దాలు పెరగవు. కొందరిలో తగ్గిపోతాయి కూడా. కాబట్టి ఇంట్లో పళ్లెం మోగించి చూడడం పరీక్ష కాదు.

చిన్నపిల్లలకు చేసే పరీక్షలు రెండు. ఒకటి ఓఏఈ, రెండవది బెరా. చెవిలో చిన్న శబ్దం వినిపించి లోపలి చెవి స్పందనను ఓఏఈలో చూస్తారు. నరం గుండా ఆ శబ్దం మెదడు వరకు చేరుతోందో లేదో బెరాలో తెలుస్తుంది. బిడ్డ నిద్రలో ఉండగా చేస్తారు. నొప్పి ఉండదు. మెనింజైటిస్ తగ్గిన బిడ్డకు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేముందే, లేదా నాలుగు వారాల్లోపల వినికిడి పరీక్ష చేయించాలి. అప్పుడు చేయించకపోతే ఈ వారమే చేయించండి.

ఇంత తొందర ఎందుకంటే, మెనింజైటిస్ తర్వాత కొందరు పిల్లల్లో లోపలి చెవిలోని నత్తగుల్ల ఆకారపు భాగం క్రమంగా ఎముకలా గట్టిపడిపోతుంది. ఇది కొన్ని వారాల్లోనే మొదలు కావచ్చు. అది పూర్తిగా పూడుకుపోతే కాక్లియర్ ఇంప్లాంట్ అమర్చడం చాలా కష్టమవుతుంది. మూడేళ్లు ఆగి చూద్దామనుకునే కుటుంబం తెలియకుండానే ఆ తలుపు మూసేసుకుంటుంది.

ఏ వయస్సులో ఏం రావాలి?

ఈ కింది లెక్క సుమారుగా చెప్పేదే. పిల్లలందరూ ఒకేలా ఎదగరు.

6 నెలలు: శబ్దం వచ్చిన వైపు తిరగాలి, మనిషిని చూసి నవ్వాలి.
9 నెలలు: పేరు పిలిస్తే చూడాలి. ‘బబబ’, ‘దదద’ వంటి శబ్దాలు రావాలి.
12 నెలలు: టాటా చెప్పడం, చేయి చాపి అడగడం రావాలి. అమ్మ, అత్త, తాత వంటి ఒకటి రెండు మాటలు రావచ్చు.
18 నెలలు: కొన్ని మాటలు రావాలి. కావలసినది వేలితో చూపాలి. “బంతి తీసుకురా” అంటే అర్థం కావాలి.
2 ఏళ్లు: సుమారు 50 మాటలు, రెండు మాటలు కలపడం. “పాలు కావాలి”, “అబ్బా రా” వంటివి.
3 ఏళ్లు: చిన్న వాక్యాలు. ఇంటికి వచ్చిన చుట్టాలకు కూడా చాలావరకు అర్థం కావాలి.

12 నెలలకు ఏ శబ్దమూ, సైగా లేకపోయినా, 16 నెలలకు ఒక్క మాటా లేకపోయినా, రెండేళ్లకు రెండు మాటలు కలపకపోయినా డాక్టరుకు చూపించాలి. వచ్చిన మాట ఏ వయస్సులోనైనా పోతే ఒక్క రోజు కూడా ఆగకండి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు రెండేళ్లు వచ్చేవరకు పుట్టిన తేదీ నుంచి కాక, కాన్పు కావలసిన తేదీ నుంచి వయస్సు లెక్కించాలి. రెండు నెలల ముందు పుట్టి ఇప్పుడు 14 నెలలున్న బిడ్డను 12 నెలల బిడ్డగా చూడాలి.

పక్కింటి పిల్లతో పోల్చి కుమిలిపోకండి. ఒక నోటుపుస్తకం పెట్టుకుని ప్రతి నెలా ఒకే తేదీన వ్రాయండి. కొత్తగా ఏ శబ్దం వచ్చింది, ఏ సైగ వచ్చింది, ఏ మాట అర్థమవుతోంది అన్నవి చాలు. రెండు నెలల కిందటి వాడితో ఇప్పటి వాడిని పోల్చండి. నెమ్మదిగానైనా మెట్టు ఎక్కుతున్నాడా, అక్కడే నిలిచిపోయాడా అన్నది ఆ పుస్తకం చెబుతుంది. డాక్టరుకు అంతకన్నా మంచి రిపోర్టు లేదు.

మన ఇళ్లలోని నాలుగు భాషలు

బళ్లారిలోనో, హోసూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో స్థిరపడిన మన ఇళ్లలో తల్లి తెలుగు, దాదీ దక్కనీ, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో వినిపిస్తాయి. “ఇన్ని భాషలు విని బిడ్డ తికమకపడుతున్నాడు, ఒక్క భాషే మాట్లాడండి” అనే సలహా చాలామంది ఇస్తారు. అది సరికాదు. ఎక్కువ భాషలు వినడం వల్ల మాట ఆలస్యం కాదు. మాటలు లెక్కపెట్టేటప్పుడు అన్ని భాషలవీ కలిపి లెక్కపెట్టాలి. ‘నీళ్లు’ అన్నా ‘పానీ’ అన్నా అది మాటే. మీకు మనసారా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడండి. భాషల మీద నెపం వేసి చెవి పరీక్ష వాయిదా వేయకండి.

యూనానీ ఏం చెబుతుంది?

ఇబ్న్ సీనా (980-1037) తన ‘అల్ ఖానూన్’లో పసిపిల్లల పెంపకానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. బిడ్డ మిజాజ్ బలపడడానికి రెండు కావాలన్నాడు. ఒకటి మెల్లగా ఊపడం, రెండవది జోలపాట. ఊపడం శరీరానికి, పాట మనసుకు అని ఆయన భావం. వెయ్యేళ్ల కిందటి ఆ మాట నేటి మాట నేర్పే నిపుణుల సలహాకు దూరమేమీ కాదు. బిడ్డకు మన గొంతు, మన ముఖం, మన స్పర్శ కావాలి.

యూనానీలో మర్దనను ‘దల్క్’ అంటారు. తీపి బాదం నూనె, అంటే రోగన్ బాదాం షీరీన్, లేదా ఆలివ్ నూనెతో మెల్లగా ఒళ్లు మర్దన చేస్తే బిడ్డ హాయిగా నిద్రపోతాడు. తల్లికీ బిడ్డకూ ముచ్చట్లాడుకునే సమయం దొరుకుతుంది. కానీ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. లోపలి చెవిలో పోయిన వినికిడిని తిరిగి తెచ్చే నూనె గాని, ఖమీరా గాని, మాజూన్ గాని ఏదీ లేదు. అలా తెస్తానని చెప్పేవారి దగ్గర డబ్బు కన్నా విలువైన కాలం పోగొట్టుకుంటారు.

ఇవి చేయకండి

చెవిలో కాచిన నూనె పోయవద్దు.

సుర్మా పెట్టవద్దు. చాలా సుర్మాల్లో సీసం ఉంటుంది. కన్ను నలిపిన వేలు నోట్లోకి వెళుతుంది. సీసం పసిమెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. ఇప్పటికే దెబ్బతిన్న బిడ్డకు మరో దెబ్బ ఎందుకు?

కుష్తాలు, అంటే లోహ భస్మాలు, పసిపిల్లలకు సొంతంగా ఇవ్వవద్దు.

ఫిట్స్ మందు మీరే ఆపవద్దు. “మత్తుగా ఉంటున్నాడు, అందుకే మాట రావట్లేదు” అనిపిస్తే డాక్టరుకు చెప్పండి. మోతాదు ఆయన సరిచేస్తారు. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చెంచా పెట్టవద్దు, నీళ్లు పోయవద్దు. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

నాలుక కింది తీగ కోయించడానికి తొందరపడవద్దు. దాని వల్ల మాటలు అసలే రాకపోవడం జరగదు.

దువా చేయండి, తావీజు కట్టామని మాత్రం పరీక్ష మానకండి.

ఇంట్లో చేయవలసినవి

బిడ్డ కంటి ఎత్తులో కూర్చుని, ముఖం కనిపించేలా మాట్లాడండి. టీవీ, ఫోను కట్టేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది పిల్లలకు తెర అసలు వద్దు. రెండేళ్లు దాటాక కూడా రోజుకు గంటకు మించకూడదు.

స్నానం, అన్నం, బట్టలు వేయడం, ఈ మూడే మీ బడి. “చెయ్యి ఏదీ? ఇదిగో చెయ్యి” అంటూ చేసే పనిని చెబుతూ ఉండండి. బిడ్డ చూస్తున్న వస్తువు పేరే చెప్పండి. అడిగాక మనసులో ఐదు లెక్కపెట్టి ఆగండి. జవాబు తయారు కావడానికి వాడికి సమయం కావాలి. “పా” అంటే “పాలా? వేడి పాలు కావాలా?” అని మీరు పెంచి చెప్పండి. “సరిగ్గా అను” అని గద్దించకండి. సైగ చేస్తే అడ్డుకోకండి. సైగ మాటకు శత్రువు కాదు, మెట్టు.

రక్తహీనత కూడా ఎదుగుదలను మందగింపజేస్తుంది. రోజంతా పాల సీసాతో కడుపు నింపితే అన్నం తినడు, ఇనుము అందదు. గుడ్డు, మెత్తగా వండిన కాలేజీ, పప్పు, ఆకుకూర, రాగి, ఖర్జూరం పెట్టండి. ఐరన్ చుక్కలు డాక్టరు చెప్పినట్లు వేయండి.

ఎక్కడికి వెళ్లాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్లలోపు పిల్లలకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. వినికిడి, ఎదుగుదల లోపాలున్న పిల్లలను జిల్లా స్థాయిలోని సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. మీ అంగన్‌వాడీలో గాని, ప్రభుత్వాసుపత్రిలో గాని అడగండి.

కర్ణాటక వారికి మైసూరులో 1965లో స్థాపించిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది. తమిళనాడు వారికి చెన్నై దగ్గర ముట్టుకాడులో బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ఉంది. మహారాష్ట్ర వారికి ముంబయిలో 1983లో మొదలైన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ఉంది. ఆ పేరు హైదరాబాదులో పుట్టి మహారాష్ట్ర గవర్నరుగా పనిచేసిన పెద్దమనిషిది. దీని ప్రాంతీయ కేంద్రం సికింద్రాబాదులో ఉంది. యానాం వారికి కాకినాడ ప్రభుత్వాసుపత్రి దగ్గర. ఒడిశా వారు మొదట జిల్లా ప్రధాన ఆసుపత్రిలో అడగవచ్చు.

వినికిడి యంత్రాలకు, కాక్లియర్ ఇంప్లాంట్‌కు కేంద్ర ప్రభుత్వపు ‘అడిప్’ పథకం కింద సహాయం అందుతుంది. తమిళనాడులో ముఖ్యమంత్రి ఆరోగ్య బీమాలో కూడా ఇంప్లాంట్ ఉంది. వయస్సు, ఆదాయం నిబంధనలుంటాయి గనుక ముందుగానే అడగండి. ఆపరేషన్‌తో పని అయిపోదు. ఆ తర్వాత మాట నేర్పే శిక్షణ చాలాకాలం సాగాలి. మానకుండా తీసుకువెళ్లేవారికే ఫలితం దక్కుతుంది.

వచ్చే బిడ్డకు టీకాలు తప్పనిసరిగా వేయించండి. మెనింజైటిస్ తెచ్చే హిబ్ క్రిమిని అడ్డుకునే పెంటావాలెంట్ టీకా మన ప్రభుత్వ కార్యక్రమంలో 2011లో తమిళనాడు, కేరళలతో మొదలైంది. న్యూమోకోకల్ టీకా 2017లో మొదలై 2021లో దేశమంతటికీ చేరింది. రెండూ ఉచితమే.

చివరగా ఇంట్లోని పెద్దలకు ఒక మనవి. బిడ్డకు జబ్బు చేసింది తల్లి తప్పు వల్ల కాదు, మాట రానిదీ ఆమె తప్పు వల్ల కాదు. ఆమెను మాటలు అనే బదులు ఆమెతోపాటు ఆసుపత్రికి బయలుదేరండి. పరీక్షలో వినికిడి బాగానే ఉందని తేలితే ఆ రాత్రి ఆమె హాయిగా నిద్రపోతుంది. లోపం ఉందని తేలినా, ఏడాదిన్నరకే తెలిసింది గనుక ఆ బిడ్డ నోట ‘అమ్మీ’ అన్న మాట వినే అవకాశం ఇంకా చేతిలోనే ఉంటుంది.