బెజవాడ కొండల గుట్టు

ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ. నడుమ ఉన్న కిలోమీటరు పైచిలుకు సందులోంచి బయటపడ్డ కృష్ణకు ఆపైన అడ్డు లేదు, డెల్టాగా పరుచుకుంటుంది. 1855 నాటి ఆనకట్టనూ, 1957లో దాని బదులు వచ్చిన ప్రకాశం బ్యారేజీనీ ఇక్కడే కట్టడానికి కారణం ఆ ఇరుకే. ఆనకట్టకు రాయినిచ్చిందీ ఈ కొండలే.

ఇవి తూర్పు కనుమల్లో భాగం. ఎక్కువగా కనిపించే రాయి ఖొండలైట్. ఎప్పుడో నీటి అడుగున పేరుకున్న బంకమట్టి భూగర్భంలోకి కూరుకుపోయి, దాదాపు 900 డిగ్రీల సెల్సియస్ వేడికీ, పైనున్న బరువుకీ ఇలా మారింది. ఈ ప్రాంతంలో అది జరిగి సుమారు 160 కోట్ల ఏళ్లు. పైనున్న రాతి పొరలన్నీ కోసుకుపోయాక ఆ లోతుల్లోని రాయి ఇప్పుడు మన కళ్లబడుతోంది.

అప్పుడే పగిలిన ముక్కలో దానిమ్మ గింజల్లా గార్నెట్ పలుకులు, వాటి మధ్య తెల్లటి ఫెల్డ్‌స్పార్ చారలు కనిపిస్తాయి. ఏళ్ల తరబడి వానకు నానిన ముక్క తీరు వేరు. గార్నెట్‌లోని ఇనుము తుప్పుపట్టి రాయి ఎర్రబారుతుంది. ఫెల్డ్‌స్పార్ సుద్దమట్టిగా మారి, గీరితే పొడి రాలుతుంది.

మొగల్రాజపురం కొండలో, విష్ణుకుండినుల కాలానివని చెప్పే గుహలు తొలిచిన శిల్పుల ఉలికి లొంగింది ఇలాంటి రాయే. కొండపల్లి వైపు కనిపించే గట్టి చార్నొకైట్ అయితే అంత తేలిగ్గా లొంగేది కాదు. అయితే ఉలికి లొంగే రాయి వానకూ లొంగుతుంది. గుహల్లోని బొమ్మలు చాలావరకు అరిగిపోవడంలో ఈ మెత్తదనం పాత్ర ఉంది.

2024 ఆగస్టు 31న, కుండపోత వానలో అదే మొగల్రాజపురంలో కొండచరియ ఇళ్లపై పడి పలువురు చనిపోయారు. ఖొండలైట్ పొరలుపొరలుగా ఉంటుంది. పగుళ్లలో దిగిన నీరు రాళ్ల మధ్య పట్టు సడలిస్తుంది; నానిన సుద్దమట్టి జారుడు తలమవుతుంది. ఇంటి స్థలం కోసం కొండ పాదాన్ని నిటారుగా తవ్వితే, పైబరువును మోసే ఆసరా పోతుంది.

ఇంద్రకీలాద్రిపై రాళ్లు దొర్లకుండా ఇనుప వలలు బిగించారు. వల చిన్న రాళ్లను ఆపుతుందే గానీ, లోపలికి ఇంకే నీటిని ఆపలేదు. వానాకాలానికి ముందే పైనుంచి వచ్చే నీటిని పక్కకు మళ్లించే కాలువలు బాగుచేయాలి, పగుళ్లు కొత్తగా విచ్చుకున్నాయేమో చూడాలి, పాదం తవ్వకం ఆపాలి. కొండవాలు కాలనీలకు అసలు రక్షణ అదే.