చప్పుడు చేయని కంప్యూటర్

రాత్రి ఇల్లంతా నిద్రపోయాక కంప్యూటర్ ముందు కూర్చుంటే గుయ్యిమని రొద వినిపిస్తుంది. అది లెక్కలు చేసే ప్రాసెసర్‌ది కాదు. దాని వేడిని బయటికి తోసే ఫ్యాన్‌ది.

చిన్న ఫ్యాన్ గిరగిరా తిరిగి తోసే గాలిని పెద్ద ఫ్యాన్ నెమ్మదిగా తిరిగే తోయగలదు. ఏ ఫ్యాన్ వేగమైనా సగానికి తగ్గితే చప్పుడు సుమారు 15 డెసిబెల్‌లు తగ్గుతుంది. కనుక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు పట్టే పెట్టెను ఎంచుకోండి. సాధారణ హార్డ్ డిస్క్‌లో బిళ్ళలు నిమిషానికి 5,400 లేక 7,200 సార్లు తిరుగుతాయి; ఎస్.ఎస్.డి.లో కదిలే భాగమే లేదు.

ఇంట్లో ఇచ్చిన డబ్బు చాలకపోతే ఎక్కడ తగ్గించాలి? డాబా వేసినవారు స్తంభాల ఊచలు పైకి వదిలి ఉంచడం చూశారు కదా! అది రేపటి అంతస్తు కోసం. మీరూ అలాగే చేయండి. మెమరీ, ఎస్.ఎస్.డి. ఇప్పుడు కొద్దిగా కొని, తరువాత కలుపుకోవచ్చు. మదర్‌బోర్డు సాకెట్టును మాత్రం మార్చలేం. 2017లో ఏఎం4 సాకెట్టు బోర్డులు కొన్న చాలామంది 2022లో వచ్చిన ప్రాసెసర్‌ను కూడా వాటిలోనే అమర్చుకోగలిగారు. పవర్ సప్లైలోనూ పొదుపు వద్దు. నాసిరకంది చెడిపోతూ మిగతా భాగాలనూ చెడగొట్టవచ్చు.

కొనబోయే ముందు ప్రతి భాగాన్నీ ఒకటే ప్రశ్న అడగండి: “నిన్ను రేపు మార్చగలనా?”