చెక్కల్లోకి నూనె ఎలా చేరుతుంది?

మన మార్కాపురం పలకలాగా పల్చగా ఉండే చెక్కను కాగితంపై పెట్టి నొక్కండి. జిడ్డు మరక పడుతుంది. ఆ నూనె లోపలికెప్పుడు చేరింది? మూకుట్లో వేగుతున్నప్పుడేనంటారా?

కాదు, చాలావరకు బయటికి తీశాకే! నూనె సుమారు 180 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో ఉన్నప్పుడు, పిండిలోని నీరు ఆవిరై బుడబుడమంటూ బయటికి వస్తుంది. ఆ ఆవిరి నూనెను లోపలికి రానివ్వదు. చెక్క చల్లారేటప్పుడు రంధ్రాల్లోని ఆవిరి నీరవుతుంది, పీడనం తగ్గుతుంది. పైన అంటిన నూనె లోపలికి పోతుంది. అందుకే వేడిమీదే కాగితంతో అద్దాలి.

ఓవెన్‌లో కాలిస్తే ఈ బాధ లేదు. గ్రాము నూనెకు 9 కిలోకేలరీలు, పిండిపదార్థానికి 4 మాత్రమే. ఉప్పు మాత్రం కాల్చినా తగ్గదు సుమా!

సజ్జపిండి, బియ్యప్పిండి, నానిన శనగపప్పు, ఉప్పు, కారం వేడినీళ్లతో కలిపి పల్చగా తట్టండి. ఫోర్కుతో పొడవండి, లేకుంటే ఆవిరి చిక్కుకొని పూరీలా పొంగుతాయి. పెద్దలను దగ్గరుంచుకొని, 180 డిగ్రీల వద్ద ఇరవై నిమిషాలు, మధ్యలో తిప్పుతూ కాల్చండి. గాలి నూనె అంత త్వరగా వేడినివ్వదు.

నా మొదటి వాయి నిజంగా పలకే అయింది! పిండిలో నూనె బొత్తిగా వేయలేదు. పిండి రేణువులు గట్టిగా అతుక్కోకుండా కొవ్వు అడ్డుపడితేనే చెక్క గుల్లగా వస్తుంది. కప్పు పిండికి రెండు చెంచాలు వేశాక పంటికి లొంగింది. మీరు చేసినవాటినీ కాగితంపై నొక్కి, రెండు మరకలూ పోల్చి చూడండి.