అంటువ్యాధి వేళ రోగి వివరాలు ఎవరి చేతికి?

అంటువ్యాధి ప్రబలినప్పుడు ప్రతి రోగి అనుమతీ తీసుకున్నాకే వివరాలు పంపాలంటే కుదరదు. పాజిటివ్ వచ్చిన మనిషి ఎవరెవరిని కలిశాడో ఆరోగ్య శాఖకు ఆ రోజే తెలియాలి. అతను స్పృహలో లేకపోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఈలోగా జబ్బు పక్కింటికి పాకుతుంది. కనుక అనుమతి లేకుండా ఇవ్వక తప్పని సందర్భాలుంటాయి. ఎవరికి, ఏయే వివరాలు, ఎంతకాలం అన్నవి మాత్రం ఇచ్చే ముందే తేల్చుకోవాలి.

2020 ఏప్రిల్‌లో కేరళలో ఈ విషయం కోర్టుకెక్కింది. ఇంట్లో క్వారంటైన్‌లో ఉన్నవారి, వృద్ధుల ఆరోగ్య వివరాలను విశ్లేషించే పనిని ప్రభుత్వం స్ప్రింక్లర్ అనే అమెరికా కంపెనీకి అప్పగించింది. కంపెనీ అప్పటికి డబ్బు అడగలేదు. కానీ తగాదా వస్తే న్యూయార్క్ కోర్టుల్లో తేల్చుకోవాలని ఒప్పందంలో ఉంది. ఇంటికొచ్చిన సిబ్బందితో తనకు బీపీ, షుగరు ఉన్నాయని చెప్పే పెద్దావిడ ఆ మాట అంత దూరం వెళ్తుందని ఎలా ఊహిస్తుంది?

ఏప్రిల్ 24న హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. పని ఆపమనలేదు. మనిషిని పట్టించే పేరు, చిరునామా వంటి ఆనవాళ్లు తీసేశాకే వివరాలు కంపెనీకి అందాలంది. దీన్నే అనామకీకరణ అంటారు. ఇకపై వివరాలు తీసుకునేటప్పుడు బయటి సంస్థ చూసే అవకాశం ఉందని చెప్పి, అనుమతి పొందాలంది. ఎక్కడ ఎన్ని కేసులు పెరుగుతున్నాయో లెక్కగట్టడానికి పెద్దావిడ పేరుతో పనిలేదు.

కర్ణాటక ప్రభుత్వమైతే అంతకు నెల ముందే క్వారంటైన్‌లో ఉన్నవారి చిరునామాలను అందరికీ కనిపించేలా ఆన్‌లైన్‌లో పెట్టింది. చాలా రాష్ట్రాల్లో రోగుల ఇళ్లకు పోస్టర్లు అంటించారు. ఆ ఇంటివాళ్లను అంటరానివాళ్లలా చూస్తున్నారని ఆ డిసెంబరులో సుప్రీంకోర్టే వ్యాఖ్యానించింది. ఇలాంటి వెలి భయం ఉన్నచోట జ్వరమొచ్చినా పరీక్షకు రావడానికి జనం జంకుతారు. వ్యాధిని అదుపు చేయాలనుకునే ప్రభుత్వానికి అంతకంటే నష్టం లేదు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 7వ సెక్షన్‌లో, అంటువ్యాధి వేళ వైద్యం కోసం అనుమతి లేకుండానే వివరాలు వాడుకోనిస్తుంది. అది సబబే. చిక్కల్లా 17వ సెక్షన్‌తో. పని ముగిశాక వివరాలు చెరిపేయాలన్న బాధ్యత నుంచి అది ప్రభుత్వానికి మినహాయింపు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో 2020లో రోగుల వివరాలు పంచుకోవాలంటూ ఇచ్చిన నోటీసులకు మొదటే గడువు పెట్టారు. పలుమార్లు పొడిగించినా 2022 జూన్ 30తో ముగించారు. మన చట్టంలోనూ అలాంటి గడువు ఉండాలి. తన వివరాలు ఎవరెవరు చూశారో రోగి అడిగితే చెప్పాలి.