ఈగకు జామ్, గుండెదడకు క్లోజప్

‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’ (1968) మొదట్లో ముగ్గురు కిరాయి హంతకులు రైలు కోసం కాచుకుని ఉంటారు. పది నిమిషాలకు పైగా అదే తంతు. మాటా మంతీ లేదు. ఒకడి మొహం మీద ఈగ వాలుతుంది. ఊదుతాడు, మూతి అష్టవంకర్లు తిప్పుతాడు, అయినా పోదు. రెండోవాడి గుండు మీద పైనుంచి ఒక్కో నీటిబొట్టూ పడుతుంటే వాడు ఉన్నచోటు నుంచి జరగడు, తీరిగ్గా టోపీ పెట్టుకుంటాడు. అంచులో నీళ్లు చేరాక టోపీ తీసి తాగేస్తాడు. మూడోవాడు మెటికలు విరుచుకుంటూ కూర్చుంటాడు. దర్శకుడు సెర్గియో లియోనె ఈ మొహాలను చెమటతో, గరుకు గడ్డంతో సహా తెర నిండా పరిచేశాడు. ఈగ కోసం మూతి తిప్పేవాణ్ని అంత దగ్గరగా చూస్తుంటే నవ్వు ఆగదు. వీళ్లు వచ్చింది మనిషిని చంపడానికని గుర్తొస్తే ఆ నవ్వే గొంతుకు అడ్డం పడుతుంది.

ఈగ వాలాలని నటుడు జాక్ ఎలాం గడ్డానికి జామ్ రాశారని చెబుతారు. చివరికి అతను దాన్ని పిస్టల్ గొట్టంలో బంధించి, దాని రొద వింటూ మురిసిపోతాడు. అంతసేపూ సంగీతం లేదు. ఎన్నియో మోరికోనె లాంటి సంగీత దర్శకుణ్ని పెట్టుకుని కూడా అక్కడ వినిపించింది గాలిమర కిర్రుకిర్రే!

రైలు వచ్చి పోతుంది. పట్టాల అవతల మౌతార్గాన్‌తో చార్లెస్ బ్రాన్సన్ నిలబడి ఉంటాడు. నాకూ గుర్రం తెచ్చారా అని అడుగుతాడు. ఒకటి తక్కువైనట్టుందే అని వాళ్లు నవ్వుతారు. అతను తల అడ్డంగా ఊపి, కాదు, రెండు ఎక్కువే తెచ్చారంటాడు. కట్టేసి ఉన్నవి మూడు గుర్రాలు. లెక్క మనకు తట్టేలోపే వాళ్ల మొహాల్లో నవ్వు ఆరిపోతుంది. వాళ్లకీ తట్టింది మరి.

దగ్గరి షాట్‌తో గుండెదడ పుట్టించడం లియోనెతో మొదలైందేం కాదు. తెరమీద నుంచి ప్రేక్షకుల మీదికే తుపాకీ గురిపెట్టే షాట్ 1903 నాటికే ఉంది. ఎడ్విన్ ఎస్. పోర్టర్ తీసిన ‘ద గ్రేట్ ట్రెయిన్ రాబరీ’లో బందిపోటు నేరుగా మన వైపు కాలుస్తాడు. కథతో ఆ షాట్‌కు సంబంధమే లేదు. సినిమా మొదట్లో వేసుకుంటారో, చివర్లో వేసుకుంటారో హాలువాళ్ల ఇష్టానికే వదిలేశారు.

లియోనె క్లోజప్‌ల వెనక పొదుపు కూడా ఉంది. 35 ఎం.ఎం. ఫిల్మ్‌లో ఒక్కో ఫ్రేముకు మామూలుగా అంచున ఉండే 4 రంధ్రాల మేర జాగా పడుతుంది. ఆయన వాడిన టెక్నిస్కోప్ పద్ధతిలో 2 రంధ్రాల మేర చాలు, ఫిల్మ్ సగానికి సగం మిగిలినట్టే. పైగా సినిమాస్కోప్ లెన్సులతో పని లేదు. మామూలు లెన్సులతో కంటిరెప్పల దాకా వెళ్లొచ్చు. దగ్గరున్న కన్నూ, దూరంగా నిలబడ్డ మనిషీ ఒకే ఫ్రేములో స్పష్టంగా కనిపిస్తారు.

‘ద గుడ్, ద బ్యాడ్ అండ్ ద అగ్లీ’ (1966) తెరుచుకోగానే విశాలమైన బంజరు నేల. ఎవరూ లేరనుకునేలోపు పక్కనుంచి ఓ గరుకు మొహం వచ్చి తెరనంతా కప్పేస్తుంది. ఆ మొహం ఆల్ మ్యూలాక్‌ది. ‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ ద వెస్ట్’లో మెటికలు విరిచేవాడూ ఇతనే. ఫ్రేములో లేనిది మనకే కాదు, పాత్రలకీ కనబడదన్నది లియోనె సినిమాల్లో రూలు అని విమర్శకుడు రోజర్ ఈబర్ట్ పట్టుకున్నాడు. బహిరంగ ప్రదేశంలో నడుస్తున్న ఇద్దరు పక్కనే ఉన్న సైన్యం విడిదిని చూడకుండా అందులోకే వెళ్లి పడతారు. తర్కానికి నిలబడదు. హాల్లో మాత్రం ఎవరూ అడగరు.

అదే సినిమా చివర శ్మశానంలో ముగ్గురి ద్వంద్వయుద్ధం (త్రంద్వం అనాలేమో!) తీశారు. స్పెయిన్ సైనికులు బుర్గోస్ దగ్గర 5,000కు పైగా ఉత్తుత్తి సమాధులు కట్టి ఇచ్చిన సెట్ అది. ముందు దూరంగా ముగ్గురూ, తర్వాత నడుముల దగ్గర చేతులు, తర్వాత మొహాలు, ఆఖరుకి వట్టి కళ్లు. ఒక్కో షాటూ కురచవుతూ పోతుంది. టూకో వేషం వేసిన ఈలై వాలక్ కళ్లు మిగతా ఇద్దరి మధ్య గిరగిరా తిరుగుతాయి. తీరా చూస్తే అతని తుపాకీలో గుండ్లే లేవు, ముందురాత్రే ఆ ఇద్దరిలో ఒకడైన క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసేశాడు. రెండోసారి చూసేవాళ్లకు ఇదంతా పచ్చి హాస్యం. అంతకు ముందు టూకో సమాధుల మధ్య పిచ్చిగా పరుగెత్తేటప్పుడు ఓ కుక్క అడ్డమొస్తుంది. సీను మరీ గంభీరమైపోతుందని లియోనె వాలక్‌కు చెప్పకుండా వదిలాడట. ఆ ఉలికిపాటు నిజమైనది.

ఇక ఈ బాటలోనే నడిచిన మన ‘మోసగాళ్లకు మోసగాడు’ (1971). కృష్ణ హీరో, కె.ఎస్.ఆర్. దాస్ దర్శకుడు, కథ ఆరుద్ర, కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి. స్పెయిన్ ఎడారికి బదులు రాజస్థాన్ ఇసుక. టూకో వాటా భయమూ, జిత్తులూ, నవ్వూ నక్కజిత్తుల నాగన్నగా నాగభూషణం పుచ్చుకున్నాడు. కృష్ణ గుర్రం మీద ఎంత ఠీవిగా ఉన్నా, నా ఓటు మాత్రం నాగభూషణానికే. 2023 మే 31న, కృష్ణ జయంతికి, 4కె హంగుతో మళ్లీ హాళ్లకు వచ్చింది.