సంతాన సాఫల్య కేంద్రములు - ఫలితముల లెక్క

నేడు మన తెలుగు పట్టణములలో బస్సుస్టాండు దాటి నాలుగడుగులు వేసినచో సంతాన సాఫల్య కేంద్రపు ప్రకటనఫలక మొకటి కన్పట్టక మానదు. నవ్వుచున్న పసిపాప బొమ్మ. దాని ప్రక్కన పెద్ద యక్షరములతో సఫలత నూటికింత యని యొక యంకె. ఆ శాతము దేనిలో శాతమో యా ఫలకమున నెచ్చటను వ్రాసియుండదు. నూరుమంది యనగా ఎవరు? సఫలత యనగా నేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటకు మన దేశమున నే కేంద్రమును బహిరంగముగా నిర్బంధింపబడుట లేదు. మేము నేడు ప్రస్తావింపదలచిన దీ యొక్క విషయమే.

చట్టము లేదని యెవ్వరును అనజాలరు. 1986వ సంవత్సరము ఆగస్టులో బొంబాయియందు డాక్టరు ఇందిరా హిందూజా చికిత్సవలన టెస్టుట్యూబు శిశువు జన్మించినది మొదలు ముప్పదియైదు సంవత్సరములు ఈ వైద్యమునకు ప్రత్యేక శాసనము లేకయే గడచినమాట నిజము. 2005లో భారత వైద్య పరిశోధనా మండలివారు ఈ కేంద్రముల గుర్తింపునకును, పర్యవేక్షణకును, నియంత్రణకును మార్గదర్శక సూత్రములను ప్రకటించిరి. కాని యవి సూత్రములు మాత్రమే. మీరినవానిని దండించు శక్తి వానికి లేదు. తరువాత బిల్లులమీద బిల్లులు ముసాయిదాలుగనే మురిగిపోయినవి. తుదకు 2021 డిసెంబరులో పార్లమెంటు సహాయక సంతానోత్పత్తి చట్టమును ఆమోదించెను. అది 2022 జనవరి 25వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. ఆ సంవత్సరమే జూను నెలలో నిబంధనలు వెలువడినవి.

ఈ చట్టమున మంచి లేకపోలేదు. రిజిస్ట్రేషను లేనిదే కేంద్రము నడుపరాదు. వీర్యమును గర్భాశయమున ప్రవేశపెట్టుటవరకే చేయునవి మొదటి తరగతి. అండములను వెలికితీసి ప్రయోగశాలలో ఫలదీకరణము చేయునవి రెండవ తరగతి. అండదాత్రి వయస్సు 23కు తక్కువగాని 35కు మించిగాని యుండరాదు. ఆమె జన్మమున నొక్కమారే దానము చేయవలెను. ఏడు అండములకు మించి తీయరాదు. ఆమెపేర పండ్రెండు నెలల బీమా చేయింపవలెను. బీదయువతుల శరీరములను గనులవలె త్రవ్వుకొనుచున్న దళారులకు ఈ నిబంధన కొంత సంకెల వేసినదనుటలో సందేహము లేదు. మొదటి తప్పునకు అయిదు మొదలు పది లక్షల రూపాయల జుల్మానా, మరల చేసినచో మూడు మొదలు ఎనిమిదేండ్ల కారాగారము. చికిత్స నెవరు పొందవచ్చును, స్త్రీ కెంత వయస్సు, పురుషున కెంత వయస్సు, ఇవన్నియు శాసనకర్తలు వెండ్రుకవాసి లెక్కతో నిర్ణయించిరి. అర్హతలయెడ చూపిన యీ సూక్ష్మత ఫలితములయెడ చూపలేదు. చికిత్సకు ధరయు నిర్ణయింపలేదు.

రిజిస్ట్రేషను వేరు, ప్రమాణము వేరు. గదు లెన్ని, యంత్రము లెన్ని, వైద్యుల పట్టము లేవి యని చూచి యిచ్చునది రిజిస్ట్రేషను. ఆ గదులలో ఆ వైద్యులు ఆ యంత్రములతో నిత్యము చేయుచున్న పని యెట్లున్నదో చూచి యిచ్చునది ప్రామాణిక గుర్తింపు. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నొక యంగమైన ఎన్.ఏ.బి.హెచ్. వారు ఆసుపత్రుల కట్టి గుర్తింపు నిచ్చుచున్నారు గాని, అది కోరి తెచ్చుకొనువారికే. కోరనివారిని అడుగువారు లేరు. సామాన్య గృహస్థుడు గోడమీది రిజిస్ట్రేషను పత్రమును చూచి, సర్కారువారే యీ వైద్యము మంచిదని ముద్రవేసిరని భ్రమపడుచున్నాడు. పొలము నడపుటకు పట్టా యున్నంత మాత్రమున పంట పండెనని యెవడైన నమ్మునా?

ఈ విద్యలో పంట పండునది ప్రయోగశాలయందు. రోగి యా గదిని చూడదు, చూచినను తెలియదు. పిండము తల్లి గర్భమున నున్నట్లే తోచునట్లు ఇంక్యుబేటరులో వేడిమి 37 డిగ్రీలకడ నిలువవలెను. బొగ్గుపులుసు వాయువు పాలు తప్పరాదు. గాలిలో ధూళియు రంగుల వాసనయు చొరరాదు. మిగిలిన పిండములను ద్రవ నత్రజనిలో సున్నకు దిగువ 196 డిగ్రీల శైత్యమున దాచెదరు. ఆ తొట్టిలో నత్రజని తరిగిన దినమున ఎందరి యాశలో యొక్కమారు కరగిపోవును. 2018 మార్చిలో అమెరికాయందలి క్లీవ్‌లాండు నగరమున ఒక పెద్ద యాసుపత్రిలో నిట్లే జరిగి నాలుగు వేలకు మించిన అండములును పిండములును నశించినవి. దూరముననుండువారికి ప్రమాదము తెలుపవలసిన హెచ్చరికయంత్రము ఆపివేయబడి యుండెనని పిమ్మట తేలినది. యంత్రము కలదు, పత్రములలో దాని పేరును కలదు. అది పనిచేయుచున్నదా యని చూచినవాడు లేడు.

ఇక పేరుల తారుమారు. ఒకే దినమున పదిమంది అండములు, పదిమంది వీర్యము ఒకే బల్లమీదికి వచ్చుచోట ఒక చీటి మారినచో వంశమే మారును. ఇంగ్లండులోని లీడ్సు నగరమున నట్టి పొరపాటున కవలలు జన్మించిరని 2002లో వెల్లడికాగా దేశమంతయు గగ్గోలెత్తెను. ప్రతి మెట్టునందును ఇరువురు వ్యక్తులు పేరులను సరిచూచి సంతకము చేయవలెనను పద్ధతి యటుపిమ్మట అచ్చట గట్టిపడినది. చవుకైన పద్ధతి యిది. రెండవ జత కన్నులును, ఒక కలమును చాలును.

టెస్టుట్యూబు శిశువులు మాకు క్రొత్తకాదు, గాంధారి బిడ్డలు కుండలలోనే కదా పెరిగిరి యని సభలలో పలుకు పెద్దలు కొందరు కలరు. ఆ కథను వారు మరియొకమారు శ్రద్ధగా చదువుదురుగాక. వ్యాసుడు నేతికుండలు తెమ్మని యూరకుండలేదు. వానిని భద్రమైన చోట నుంచి కావలి పెట్టవలెననియు, ఇంతకాలము గడచినగాని మూత తెరవరాదనియు కట్టడిచేసెను. కథను గొప్పగా చెప్పుకొనువారు కావలిమాటను విడిచిపెట్టుట చిత్రము!

ఆ విద్యయందు మన వారికి నిజముగా గర్వింపదగిన పూర్వుడొక్కడు కలడు. ఇంగ్లండులో 1978 జూలై 25వ తేదీన ప్రపంచపు ప్రథమ టెస్టుట్యూబు శిశువు జన్మింపగా, అదే సంవత్సరము అక్టోబరు 3వ తేదీన కలకత్తాలో డాక్టరు సుభాష్ ముఖోపాధ్యాయుని కృషివలన దుర్గ యని పిలువబడిన శిశువు పుట్టెను. పిండమును శీతలీకరించి దాచి, పిమ్మట గర్భమున నిలిపి ఫలము పొందినవా డాయన. బెంగాలు ప్రభుత్వమువా రొక విచారణసంఘమును నియమించిరి. ఆ విద్యయందు అనుభవము లేనివా రా సంఘమున కూర్చుండి, ఆయన చెప్పినది నమ్మదగినది కాదని తీర్పుచెప్పిరి. జపానులో తన పరిశోధనను వినిపింపబోవుటకు సెలవు దొరకలేదు. తుదకు కంటివైద్య సంస్థకు బదిలీచేసిరి. 1981 జూను 19వ తేదీన ఆయన ప్రాణము తీసికొనెను. బొంబాయి శిశువు జన్మకు కారకులలో నొకరైన డాక్టరు టి. సి. ఆనందకుమార్ 1997లో ఆయన కాగితములను పరిశీలించి, ప్రథమస్థాన మా మహనీయునిదే యని లోకమునకు చాటెను.

ఈ కథ నిచ్చట తెచ్చుటకు కారణము కలదు. తెలియనివాడు తనిఖీ చేసినచో నిజమైన పండితుడు నేరగాడగును. ఆ భయముచేతనో, అలసతచేతనో మన రాజ్యము తరువాత మూడు దశాబ్దములకు పైగా తనిఖీయే మానుకొనెను. అప్పుడు మోసగాండ్రు పండితులైరి. నేటి తనిఖీకి వచ్చు సంఘములలో ప్రయోగశాలయందు స్వయముగా పనిచేసిన ఎంబ్రియాలజిస్టు ఒకడైన తప్పక యుండవలెనని మేము కోరుచున్నాము. గదులు కొలుచుటకు జిల్లా వైద్యాధికారి చాలును. ఇంక్యుబేటరు దినచర్యపుస్తకమును చదివి, ఈ యంకెలు నిజముగా వ్రాసినవా, తనిఖీవారు వచ్చుదురని తెలిసి రాత్రి కూర్చుండి పూర్తిచేసినవా యని కనిపెట్టుట ఆయనవలన కాదు.

ఇంక శాతము సంగతి. చదువరులు కొంచె మోపికతో ఈ లెక్కను చూడగోరెదము. ఇది యే కేంద్రపు లెక్కయు గాదు. తెలియుటకై మేము కల్పించినది. నూరుగురు స్త్రీలు చికిత్స నారంభించిరనుకొందము. సూదిమందులు వాడిన పిమ్మట ఎనమండ్రకు అండములు సరిగా రాలేదు. పండ్రెండుగురికి పిండములు నిలువలేదు. మిగిలిన ఎనుబదిమంది గర్భమున పిండముల నుంచిరి. వారిలో ముప్పదియార్గురకు రక్తపరీక్షయందు గర్భము నిలిచినట్లు కన్పట్టెను. ముప్పదిమందికే పిండపు గుండె కొట్టుకొనుట స్కానింగున తెలిసెను. ఇరువదినలుగురు బిడ్డ నెత్తుకొని ఇంటికి పోయిరి. ఇప్పుడు కేంద్రమువాడు ఎనుబదిలో ముప్పదియారు, అనగా నూటికి 45 యని ఫలకముమీద వ్రాయించును. అందు అసత్య మొక్క ముక్కయు లేదు! కాని యెకర మమ్మి వచ్చిన దంపతులు కోరినది రక్తపరీక్షను గాదు, బిడ్డను. వారి లెక్కలో అది నూటికి 24. ఈ రెండంకెల నడుమనున్న యెడము ఎందరి కన్నీరో యోచింపుడు.

వయస్సు విడిచి చెప్పిన శాతమును అంతే నిరర్థకము. ముప్పదియేండ్లామెకును నలువదిరెండేండ్లామెకును ఒకే యాశ చెప్పుట వైద్యము గాదు, వర్తకము. దాత యిచ్చిన అండములతో సాధించిన ఫలితములను సొంత అండములవానితో కలిపి చెప్పుట మరియొక కిటుకు. మూడు పర్యాయములకు కలిపి గుత్తగా సొమ్ము తీసికొని, మూడింటిలో నొక్కటి ఫలించినను నూటికి నూరని చెప్పుట యింకొకటి. ఈ పరీక్షలన్నింటను సూదిపోట్లును, మత్తుమందును, అత్తవారింటి మాటలును స్త్రీకే. దోషము పురుషునియందున్న దంపతు లెందరో కలరు; అట్టిచోటను అండములు తీయించుకొనవలసిన దామెయే. ఆమెకు నిజమైన లెక్క చెప్పకపోవుట రెండు మారులు అన్యాయము చేయుట.

ఇతర దేశములవా రేమి చేసిరి? ఇంగ్లండులో 1984లో వార్నాకు సంఘము నివేదిక సమర్పించెను. 1990లో చట్టము చేసిరి. 1991నుండి ప్రత్యేకాధికార సంస్థయొకటి లైసెన్సు లిచ్చుచు, తనిఖీ చేయుచు, కేంద్రము కేంద్రమునకు ఫలితములను ప్రకటించుచున్నది. అమెరికాలో 1992లో చేసిన చట్టముప్రకారము ప్రతి కేంద్రపు ఫలితములను ప్రభుత్వ ఆరోగ్యసంస్థయే ప్రచురించును. లెక్క లియ్యనివారి పేరులను సైతము ప్రచురించును. సిగ్గుకంటె పెద్ద జుల్మానా లేదని వా రెరిగినట్లున్నది. ఇంగ్లీషువారి దొరతనమును మేము వలదంటిమి గాని, లెక్క చెప్పు వారి యలవాటును వలదనలేదు.

మన చట్టమునందును దీనికి చోటు లేకపోలేదు. జాతీయ రిజిస్ట్రీ కేంద్రముల వివరములను, అవి చేయు సేవల ఫలితములను క్రమముగా సేకరింపవలెనని యందు స్పష్టముగా నున్నది. సేకరించినది పెట్టెలో పెట్టి తాళము వేయుమని యెచ్చటను లేదు. రోగుల పేరులు రహస్యముగా నుండవలెను, నిజమే. అంకెలకు పేరులు లేవు గదా.

దీనికి వైద్యులు చెప్పు ఆక్షేపణ మేమెరుగుదుము. ఫలితములు ప్రకటించినచో, అంకె తగ్గునను భయమున కఠినమైన రోగులను త్రిప్పిపంపెదరని వారనెదరు. ఇది త్రోసిపుచ్చదగిన మాట గాదు. ఇతర దేశములలో నిట్టి విమర్శ నేటికిని కలదు. అందుకే వయస్సు వారీగాను, చికిత్స నారంభించినవారి మొత్తముమీదను లెక్క అడుగవలెనని మే మనుట. వృద్ధవయస్కురాలికి ఫలమిచ్చిన వైద్యుని ప్రజ్ఞ యా వరుసలోనే మెరయును. చిన్న కేంద్రములలో సంఖ్యలు స్వల్పమై యొక యేటి శాతము మోసపుచ్చుననుటయు నిజమే. మూడేండ్లవి కలిపి ప్రకటించినచో సరిపోవును.

లెక్క లేనిచోట నేమి జరుగునో 2025 జూలైలో సికింద్రాబాదున బయల్పడిన వ్యవహారము చూపినది. లక్షలు పోసి అద్దెగర్భముద్వారా తమ బిడ్డనే పొందితిమని నమ్మిన దంపతులు డి.ఎన్.ఏ. పరీక్ష చేయింపగా, ఆ శిశువునకు తమతో రక్తసంబంధమే లేదని తేలెను. బీదవారియొద్ద కొన్న బిడ్డను వారి చేతులలో పెట్టిరని పోలీసు లారోపించిరి. అందలి నేరము న్యాయస్థానములు తేల్చవలసినది. మేము దానిలో చొరము. కాని యొక్క ప్రశ్న మిగులును. ఎందరు చికిత్స నారంభించిరి, ఎన్ని పిండములు తయారయ్యెను, ఎన్ని ప్రసవములు జరిగెను అను లెక్క ప్రతి మాసము రిజిస్ట్రీకి చేరి, చూడవలసినవాడు చూచుచుండినచో, పిండము లేకయే బిడ్డ పుట్టిన విడ్డూరము కాగితముమీదనే కన్పట్టెడిది గాదా?

రిజిస్ట్రేషను గడువు అయిదేండ్లు. 2022, 2023 సంవత్సరములలో ఇచ్చినవి 2027, 2028లలో ముగియును. కేంద్రములన్నియు మరల దరఖాస్తు పెట్టవలెను. ఆ దరఖాస్తునకు ఒక్క పుట చేర్చిన చాలును: ముప్పదియైదేండ్లలోపువా రెందరు ఆరంభించిరి, ఎందరు బిడ్డతో వెడలిరి, నలువదివరకు నెందరు, నలువది దాటినవారిలో నెందరు, దాత అండములతో నెందరు, కవలలెన్ని, అండములు తీసిన పిమ్మట ఆసుపత్రి పాలైనవారెందరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల బోర్డులు ఢిల్లీకై వేచియుండక యీ పుటను ఇప్పుడే కోరవచ్చును. అంతదనుక ఈ చికిత్సకై బయలుదేరు గృహస్థులు ముందుగా సొమ్ము కట్టకమున్నే తమ ఇంటియామె వయస్సు చెప్పి, ఈ వయస్సువారు నూర్గురు మీయొద్ద ఆరంభించిరేని ఎందరు బిడ్డతో ఇంటికి పోయిరని అడిగి, సమాధానమును కాగితముమీద సంతకముతో వ్రాయించుకొనవలెను. విజయావకాశములను ముందుగా తెలుపుట చట్టమే కేంద్రమునకు విధించిన ధర్మము; వ్రాసియియ్యని కేంద్రపు మెట్లు దిగివచ్చుటకు సంకోచింపవలసిన పనిలేదు.